దాచుకోకుండా మందు వేసుకున్న మా అత్తమ్మ

మా మేనత్త పోయిన నెలలో ఒక గురువారం పొద్దున కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో చనిపోయింది. నేను పనిచేసే బడికి బయలుదేరుతూ మా పాప టిఫిన్ డబ్బా సర్దుతున్నాను. ఆసుపత్రిలో చెల్లెలి దగ్గరున్న మా బాపు ఫోన్ చేశాడు.

"మీ అత్తమ్మ పోయింది బిడ్డా. ఇప్పుడే. చాయ తాగుతనంటే తేవోయిన. వచ్చెవరకు పోయింది," అన్నాడు. మళ్లీ తనే, "చాయ నా చేతుల్నే ఉంది," అన్నాడు.

గుండె జబ్బు. కొన్నేళ్లుగా ఉన్నదే. డాక్టర్లు ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇది అనుకోని మాట కాదు. అయినా ఆ ఫోన్ పెట్టేశాక, టిఫిన్ డబ్బా మూత ఎటు తిప్పితే బిగుస్తుందో నాకు కాసేపు తోచలేదు.

మా పుట్టిల్లు నేత పనివాళ్ల పట్టణంలో. కరీంనగర్ నుంచి బస్సులో వెళ్లాలి. అక్కడ మా ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకామె, "పాపం, పిచ్చి తక్కువైనంక మంచిగనే బతికింది," అన్నది. మంచి మనసుతోనే అన్నది. అత్తమ్మ బతికి ఉంటే ఆ మాటను అక్కడికక్కడే సరిచేసేది. "పిచ్చి అనకు. బీమారి అను. నీకు షుగరున్నదని నిన్ను షుగరుదానా అని పిలుస్తున్ననా?" అని ఆమె అనడం నేను చాలాసార్లు విన్నాను. కోపంగా కాదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పేది. ఆ రోజు ఆ మాటను సరిచేసే మనిషి లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తమ్మను మరాఠీ ఎక్కువగా మాట్లాడే భైంసాలో ఇచ్చారు. ఆమె భర్త అక్కడ ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. పిల్లలు కలగలేదు. నేను ఆరో తరగతిలో ఉండగా, వచ్చి తీసుకుపొమ్మని అక్కడి నుంచి కబురొచ్చింది. బాపు వెళ్లి తీసుకొచ్చాడు. బస్సు దిగి వీధిలో నడిచి వస్తుంటే చిన్నపిల్లను పట్టుకున్నట్టు ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. పండుగలకు వచ్చినప్పుడు నాకు జడలు వేసి, మరాఠీలో అంకెలు నేర్పిన అత్తమ్మ ఆ రోజు నన్ను చూసి కూడా పలకరించలేదు. కొన్నాళ్లకు ఆమె భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడని తెలిసింది. ఆయన గురించి అత్తమ్మ తర్వాతెప్పుడూ చెడ్డగా మాట్లాడలేదు. మంచిగానూ మాట్లాడలేదు.

మా వీధిలో పొద్దున మొదలైతే సాంచాలు ఆగవు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులోనే తింటాం, చదువుకుంటాం, నిద్రపోతాం. అది ఆగితేనే తలెత్తి చూస్తాం. అత్తమ్మకు మాత్రం ఆ చప్పుడులో మాటలు వినబడేవి. గడపలో నిలబడి చెవి ఒగ్గి వినేది. ఒక్కోసారి జవాబు చెప్పేది. "నేనేం తప్పు జెయ్యలే. నన్నెందుకు తిడ్తున్నరు?" అనేది.

ఒకరోజు బాపు పక్కింటివాళ్లను బతిమాలి వాళ్ల సాంచాలు కాసేపు బంద్ పెట్టించాడు. వీధంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. "ఇప్పుడు చప్పుడు లేదు చెల్లే. ఇప్పుడు వినవడ్తుందా?" అని అడిగాడు. ఆమె శ్రద్ధగా విన్నది. "ఇప్పుడింకా సాఫ్ వినవడ్తుందన్నా," అన్నది. బాపు పక్కింటికి పోయి, సాంచాలు మళ్లీ నడుపుకోమన్నాడు.

నాయనమ్మ ఆమెను తనకు తెలిసిన చోట్లన్నింటికీ తిప్పింది. దర్గాకు తీసుకుపోయింది, తాయెత్తులు కట్టించింది. చివరికి పక్క ఊరిలో వేపమండలతో దయ్యం దించుతాడనే ఒక మనిషి దగ్గరికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. అత్తమ్మ వీపు మీద, భుజాల మీద గీతలు పడేవి. నాయనమ్మే వాటికి పసుపు, కొబ్బరినూనె రాసేది. ఒకసారి అక్కడి నుంచి మధ్యలోనే తిరిగొచ్చేసింది. వచ్చి బాపుతో అన్నది: "నా బిడ్డను కొట్టుడు సాలు. దయ్యముంటే ఉండనియ్యి. దానికి గూడ ఇంత బువ్వ వెడ్త."

ఆ రోజుల్లో మా పట్టణంలో పనులు లేక, మనసు చెదిరి ప్రాణాలు తీసుకున్న నేత పనివాళ్లు చాలామంది. అందుకని ప్రభుత్వ దవాఖానలో మనసు వైద్యానికి ఒక గది ఇచ్చారు. వారానికోసారి కరీంనగర్ నుంచి డాక్టర్ వచ్చేవారు. తాను పనిచేసే చోట ఒకతను చెబితే బాపు అత్తమ్మను అక్కడికి తీసుకుపోయాడు.

ఆ మొదటి రోజు సంగతి బాపు నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. ఏమైందో తానే చెప్పబోతే డాక్టర్ ఆపారట. "మీరు తర్వాత చెప్పండి. ముందు ఆమె చెప్తుంది," అని అత్తమ్మ వైపు తిరిగారట.

"ఎవరి గొంతులమ్మా వినబడేవి?"

"మా అత్తది ఒకటి. మొగోనిది ఒకటి. ఎవలో నాకెర్కలే."

"ఏమంటారు?"

"బాయిల దుంకుమంటరు."

బాపుకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. తిడుతున్నారనే అనుకున్నాడు.

"మరి బావిలో ఎందుకు దూకలేదు?" అని అడిగారట డాక్టర్, బస్సు ఎందుకు దొరకలేదు అని అడిగినట్టు.

అత్తమ్మ ఆలోచించి, "మా అవ్వ నా పక్కకెల్లి కదలది సారూ. తినేదాక బువ్వ పట్టుకోనుంటది," అన్నదట, తల్లి గురించి, అంటే మా నాయనమ్మ గురించి.

అది జబ్బేననీ, దయ్యం కాదనీ, ఆమె చేసిన తప్పేమీ లేదనీ, మందులతో తగ్గుతుందనీ, కానీ చాలా కాలం వాడాల్సి ఉంటుందనీ డాక్టర్ చెప్పారు. బయటికొచ్చాక అత్తమ్మ బాపును ఒక్కటే అడిగింది: "నా తప్పు లేదన్నడు గదన్నా? నువ్వు గూడ ఇన్నవు గద?"

మందు వేసుకుంటే అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మొదట్లో ఆమె పొద్దంతా నిద్రపోయేది. నోటి వెంట చొంగ కారేది. మనిషి ఉబ్బింది. చేతులు వణికేవి. అత్తమ్మకు తెలిసిన పని బీడీలు చుట్టడం. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి దారం కట్టడానికి వేళ్లు నిలకడగా ఉండాలి. ఆకు చేతిలోనే చినిగిపోయేది. చినిగిన ముక్కల్ని చాటలో చూస్తూ కూర్చునేది. ఎవరికీ చెప్పకుండా మందు మానేసింది. చేతులు నిలబడ్డాయి. కొన్ని వారాలకు గొంతులు తిరిగొచ్చాయి.

అయితే ఈసారి ఆమె గడపలోకి పోలేదు. బాపు దగ్గరికొచ్చి, "అన్నా, మల్ల మొదలైంది. దవఖానకు పోదాం," అన్నది. డాక్టర్ ముందు కూర్చుని, "సారూ, మీ గోలీలతోని గొంతులు వోయినయి. చేతులు గూడ వోయినయి. నాకు చేతులు గావాలె," అన్నది. ఆయన నవ్వలేదట. కసరలేదట. చేతులు చాపమని చూసి, మందు మార్చి, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. అట్లా మారుస్తూ, తగ్గిస్తూ పోతే, ఏడాది తిరిగేసరికి మా అరుగు మీద ఆమె ఒళ్లోకి చాట మళ్లీ వచ్చింది.

తర్వాతి కాలంలో ఎవరైనా మందు పడక మానేశామంటే ఈ కథ చెప్పేది. "చెప్పకుంట మానేసుడు గాదు. పొయ్యి డాక్టర్‌తోని కొట్లాడి మార్పిచ్చుకోవాలె," అనేది. గొంతుల్లో ఒకటి మాత్రం పూర్తిగా పోలేదని నాకొకసారి చెప్పింది. "వాడకట్టుల ముసలామె లెక్క అప్పుడప్పుడు గొణుగుతది. గొణుగనీ. నేను జవాబియ్య," అన్నది.

రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని మందు వేసుకోవడం ఆమె అలవాటు. వీధిలో అందరూ బయట కూర్చునే వేళ అది. లోపల వేసుకోవచ్చు కదా అని నాయనమ్మ నెమ్మదిగా అనేది. "నువ్వు బీపీ గోలి లోపలికి వొయ్యి ఏసుకుంటున్నవా?" అని అత్తమ్మ అడిగేది.

నాయనమ్మ భయం నా గురించి. మేనత్తకు ఇట్లా ఉందని తెలిస్తే నాకు సంబంధాలు రావని. నా డిగ్రీ అయిపోయాక మొదటిసారి చూడ్డానికి వస్తున్నారని తెలిసి, ఆ పూట అత్తమ్మను పక్కింట్లో ఉండమన్నారు. అత్తమ్మ సరేనన్నది. పొద్దున్నే వంటకు సాయం చేసి, పక్కింటికి పోయింది కూడా. కానీ వచ్చినవాళ్లు భోజనాల దాకా ఉండిపోయారు. అత్తమ్మకు అప్పుడు మధ్యాహ్నం కూడా ఒక గోలీ ఉండేది. అది మా ఇంట్లో ఉంది. ఆమె మామూలుగా లోపలికొచ్చి, గోలీ తీసుకుని, చెంబుతో నీళ్లు తాగి, వెళ్లబోయింది.

పెళ్లికొడుకు తల్లి మాట కలపడానికే అన్నట్టు, "ఏం గోలి వదినా?" అని అడిగింది.

"నాకు మనసు బీమారి ఉండె. గొంతులు వినవడ్తుండె. మందు ఏసుకుంటున్న. ఇప్పుడు మంచిగున్న," అన్నది అత్తమ్మ.

నాయనమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. బాపు నేలచూపులు చూశాడు. నేను తలుపు వెనక నుంచి ఆ పెద్దావిడ ముఖం చూస్తున్నాను. ఆమె అన్నం కలుపుతూ కూర్చున్నది. చేతులు కడుక్కునే వేళ మాత్రం పెరట్లో అత్తమ్మ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "ఏ డాక్టర్ వదినా? మా తమ్ముడు మస్కట్ నుంచి వచ్చిండు. వచ్చినకాడికెల్లి అర్ర దాటి బయటికొస్తలేడు," అన్నది.

ఆ సంబంధం కుదరలేదు. కారణం అత్తమ్మ కాదు, అబ్బాయికి ఉద్యోగం చేసే అమ్మాయి కావాలట, నాకప్పటికి ఉద్యోగం లేదు. కానీ డాక్టర్ వచ్చే రోజున ఆ పెద్దావిడ తమ్ముణ్ని తీసుకుని మా పట్టణంలో బస్సు దిగింది. అత్తమ్మ వాళ్ల కోసం బస్టాండులో నిలబడి ఉంది. అతను దవాఖాన గేటు దగ్గర ఆగిపోయి, లోపలికి రానంటే రానన్నాడు. అత్తమ్మ బలవంతం చేయలేదు. గేటు పక్కన మెట్టు మీద అతనితో పాటు కూర్చున్నది. "నేను గూడ మొదట్ల గిట్లనే గూసున్న. లోపల కొట్టరు, తిట్టరు. ఒక్కటే అడుగుతరు, నిద్ర వడ్తుందా అని. అది చెప్తే సాలు ఈ రోజుకు," అన్నది. చాలాసేపటికి అతను లేచాడు.

అప్పటి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. మొదటిసారి దవాఖానకు పోవడానికి భయపడేవాళ్లతో ఆమె పోయేది. వైద్యం గురించి తనకు తెలిసినట్టు మాట్లాడేది కాదు. వరుసలో కూర్చునేది, తెచ్చుకున్న అటుకులు పెట్టేది. వాళ్ల పేరు పిలిచినప్పుడు, "పో, నేనీన్నే ఉంటా," అనేది. ఆమె వెంట పోయినవాళ్లందరూ బాగుపడలేదు. ఒకామె మందులు మానేసి, ఇల్లు విడిచి ఎటో పోయింది. దొరకలేదు. ఆ ఆడమనిషి సంగతి వచ్చినప్పుడు అత్తమ్మ మాట మార్చేది.

నాకు పెళ్లయి కరీంనగర్ వచ్చాను. బడిలో ఉద్యోగమూ వచ్చింది. మా పాప పుట్టిన నెల రోజులకు అత్తమ్మ చూడ్డానికి వచ్చింది. అప్పుడు నా పరిస్థితి ఏమిటో నాకే తెలియదు. పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. ఎత్తుకుంటే పడేస్తానేమోనని భయం. మెట్ల దగ్గరికి పోవాలంటే భయం. బాలింత నీరసమని అందరూ అంటుంటే కాబోలనుకున్నాను. అత్తమ్మ పాపకు కాళ్ల మీద నీళ్లు పోసి, తుడిచి, పడుకోబెట్టి, నా పక్కన కూర్చుంది.

"నిద్ర వడ్తుందా?"

"పాప లేపుతది అత్తమ్మా."

"పాప పండుకున్నప్పుడో?"

నేను పాప మీద దుప్పటి సర్దాను.

"నాకు చెప్పు బిడ్డా. నాకు చెప్తే ఏం గాదు. నేనినని మాటలున్నయా?"

ఎవరికీ చెప్పలేనివన్నీ ఆమెకు చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. అంతా విని, "రేపు పోదాం," అన్నది. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే తానే చెప్పింది. దాచలేదు, పెంచలేదు. ఆయన, "నేను గూడ వస్త," అన్నాడు. పాలిచ్చే తల్లి ఆ మందు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడిగింది కూడా అత్తమ్మే. అడగాలని నాకు తోచలేదు. కొన్ని నెలలు మందు వాడాను, వాళ్లు చెప్పినట్టు తగ్గించి మానేశాను. ఆ నెలల్లో ఎక్కువ రోజులు ఆమె మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు మా పాప బడికి పోతుంటే మెట్లు దిగేదాకా నేను చెయ్యి పట్టుకుంటాను. భయంతో కాదు, అలవాటుగా.

అత్తమ్మకు గుండె జబ్బు బయటపడింది ఆ తర్వాతే. నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు. మా పట్టణంలోనే ఒక ప్రైవేటు డాక్టర్‌కు చూపించుకుంది. వేరే ఏం మందులు వాడుతున్నావని ఆయన అడిగితే, అలవాటు ప్రకారం దాచకుండా చూపించింది. ఆయన ఆ గోలీల పట్టీ చూసి, ఇదంతా టెన్షనేనని నిద్రకు మందు రాసిచ్చాడు. మళ్లీ పోతే మళ్లీ అదే మాట. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, నా మనసు బీమారి ఎట్లొస్తదో, ఎట్ల వోతదో నాకెరికే. ఇది అది గాదు. మెట్లెక్కితే వస్తది, గూసుంటే వోతది. గొంతులకు మెట్లతోని ఏం పని?"

వెంటనే రమ్మన్నాను. ఆమెను ఏళ్లుగా చూస్తున్న మనసు డాక్టర్ అప్పటికీ కరీంనగర్‌లోనే ఉంటున్నారు. ఆయన విని, చీటీ రాసి, వెంటనే గుండె పరీక్ష చేయించమని పంపారు. రక్తనాళం మూసుకుపోయి ఉంది. హైదరాబాద్ తీసుకుపోయాం. ఆరోగ్య కార్డు మీదనే స్టెంట్ వేశారు. అప్పటికే గుండె కొంత దెబ్బతిన్నదని, ముందే వచ్చి ఉంటే బాగుండేదని అక్కడి డాక్టర్లు చెప్పారు.

నాకు కోపం ఆగలేదు. ఆ ప్రైవేటు డాక్టర్‌ను నిలదీస్తానన్నాను. అత్తమ్మ మంచం మీద పడుకుని, "పో. వద్దనను. గానీ తిట్టకు. మనసుకు మందు వాడెటోళ్లకు గుండె గూడ ఉంటదని చెప్పిరా," అన్నది.

పోయి అంతే చెప్పాను. ఆయన నా మాట మధ్యలో ఆపలేదు. చివరికి, "నేను ఈసీజీ తీసి ఉండాల్సింది," అన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు తీశారో లేదో నాకు తెలియదు. తీసి ఉంటారనే అనుకుంటున్నాను.

అత్తమ్మ ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. చాట మళ్లీ ఒళ్లోకి రాలేదు, అంతసేపు కూర్చోలేకపోయేది. దవాఖానకు ఎవరి వెంటైనా పోవడం మాత్రం మానలేదు. ఆటోలో పోయేది. నాయనమ్మ పోయినప్పుడు అందరికన్నా నిబ్బరంగా ఉన్నది ఆమే. తర్వాతి నెల తానే డాక్టర్ దగ్గరికి పోయి, "అవ్వ వోయింది సారూ. నన్ను జెర చూస్తుండుండ్రి," అని చెప్పి వచ్చిందట.

పోయిన నెల కాళ్లు వాచి, ఆయాసం ఎక్కువై కరీంనగర్‌లో చేర్పించాం. మందుల పేర్లు చూసి వార్డులో కొత్తగా వచ్చిన నర్సు, "ఈమె అరుస్తదా?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి అత్తమ్మే అన్నది: "నొప్పైతే అరుస్త బిడ్డా. నువ్వైనా అరుస్తవు." ఆ నర్సు సిగ్గుపడి నవ్వింది. తర్వాత ఆ నర్సే వచ్చినప్పుడల్లా తలగడ సర్ది పోయేది.

బుధవారం సాయంత్రం బడి అయిపోయాక పోయాను. ఆమెను చూడటం అదే చివరిసారని నాకు తెలియదు. పక్క మంచం మీద, భైంసా వైపు ఊరైన బోథ్ నుంచి వచ్చిన ముసలామె ఉంది. మరాఠీ తప్ప వేరే మాట రాదు. కొడుకు మందుల కోసం కిందికి పోయాడు. ముసలామె కుడిచేతికి సెలైన్ సూది ఉంది, ఎన్ని రోజుల నుంచో దువ్వని జుట్టు చిక్కుపడి ఉంది. అత్తమ్మ నా బ్యాగులో దువ్వెన ఉందా అని అడిగింది. ఇచ్చాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం అట్లాగే ఉంది, అది ఎంతవరకు సాగుతుందో చూసుకుంటూ మంచం అంచుకు జరిగింది. ముసలామెను తన వైపు వీపు పెట్టి కూర్చోమన్నది. ఒక్కో పాయ తీసుకుని, కుదురు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, నొప్పి తెలియకుండా కింద నుంచి చిక్కు తీయడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో ఆయాసం తీర్చుకోవడానికి ఆగేది. ఆగినప్పుడల్లా "దుఖ్‌తయ్ కా?" అని, నొప్పిగా ఉందా అని అడిగేది. ముసలామె లేదని తల ఊపేది. తల ఊపితే పాయ చేతిలోంచి జారిపోయేది. అత్తమ్మ మళ్లీ అందుకునేది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఆ తెల్లజుట్టు మీద పడుతోంది. నేను ఇంటికి బయలుదేరేసరికి సగం జడ అయింది. ముసలామె కళ్లు మూసుకుని ఉంది.